తళతళలాడితే చాలదు

సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గర నిలబడి ఏ దిక్కుకు నడిచినా, అటు ప్యాట్నీ, ప్యారడైజ్ వైపు పోయినా, ఇటు మారేడ్‌పల్లి మీదుగా మల్కాజిగిరి వైపు పోయినా, పళ్ళ డాక్టర్ల బోర్డులకు కొదవ లేదు. ఒక తరం కిందట పన్ను నొప్పి ఓర్చుకోలేని స్థితికి వచ్చాక, పీకించుకోవడానికి మాత్రమే డాక్టరు దగ్గరికి పోయేవారు. ఇప్పుడు పన్ను నిలుపుకోవడానికి పోతున్నారు. మంచి మార్పే. ఆ మార్పుతో పాటు ఒక్కో కుర్చీలో రోజూ కూర్చునేవారి సంఖ్యా పెరిగింది. ఒకరి నోట్లోంచి తీసిన పనిముట్టు ఇంకొకరి నోట్లోకి వెళ్ళే లోపల దొరికే వ్యవధి తగ్గింది. ఆ వ్యవధిలో ఏం జరగాలి, ఏం జరుగుతోంది అన్నదే ఈనాటి విషయం. క్లినిక్కులో అడుగు పెట్టగానే మనం చూసేవి నేల మీది టైల్సు, కొత్త కుర్చీ, ట్రేలో తళతళలాడే స్టీలు సామాను. ముక్కుకు తగిలేది మందుల వాసన. వీటిని బట్టి ఇక్కడ శుభ్రంగా ఉందని నమ్ముతాం. కానీ పనిముట్టు నిజంగా శుద్ధి అయిందో లేదో కంటికి కనిపించదు, ముక్కుకు తెలియదు. దానికి రుజువు ఉండాలి. ఆ రుజువు కాగితం మీద రాసి ఉండాలి. అడిగినవారికి చూపించగలగాలి. అవి లేని చోట డాక్టరు ఎంత నిపుణుడైనా, ఎంత మంచివాడైనా, రోగికి మిగిలేది నమ్మకం ఒక్కటే. రక్తం తగిలే పనికి నమ్మకం ఒక్కటే సరిపోదన్నది నా వాదన.

దీనికి దూరదేశాల సాక్ష్యం అక్కర్లేదు. మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గరలోనే, తమిళనాడు తిరుపత్తూరు జిల్లాలో వాణియంబాడి అనే ఊరుంది. 2023 ప్రాంతంలో అక్కడ కొందరికి ఉన్నట్టుండి జ్వరం, తలనొప్పి, ముఖం ఒకవైపు వాలిపోవడం, మాట తడబడడం మొదలయ్యాయి. జబ్బు మెదడుకు పాకింది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు, భారత వైద్య పరిశోధన మండలి ఎపిడెమియాలజీ సంస్థ పరిశోధకులు, తమిళనాడు ప్రజారోగ్య శాఖవారు కలిసి ఆరా తీశారు. అది మెలియాయిడోసిస్ అని తేలింది. మట్టిలో, మురికి నీటిలో బతికే ఒక బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు అది. పొలం పనిలో కాలికి గాయమైనవారికో, చక్కెర వ్యాధి ఉన్నవారికో రావడం వైద్యులకు తెలుసు. ఇక్కడ రోగుల్లో పది మందికి ఉమ్మడిగా కనబడిన విషయం వేరు. వారంతా ఒకే దంత వైద్యశాలలో చికిత్స చేయించుకున్నారు. వారిలో ఎనిమిది మంది చనిపోయారు. నోరు కడగడానికి వాడే సెలైన్ సీసాను అక్కడ చిగురును ఎముక నుంచి విడదీసే ఎలివేటర్‌తోనే తెరిచారు. ఆ ఎలివేటర్ శుద్ధి చేసినది కాదు. తెరిచిన సీసాకు మూతగా దూది కుక్కి, అదే సెలైన్‌ను మళ్ళీ మళ్ళీ వాడారు. దర్యాప్తు వేలెత్తి చూపింది ఈ అలవాటునే. ఇదంతా 2025లో లాన్సెట్ కుటుంబానికి చెందిన వైద్య పత్రికలో అచ్చయింది. ఎనిమిది ప్రాణాల వెనకున్నది సీసా మూత తీయడమనే, ఎవరూ పట్టించుకోని చిన్న పని.

ఇలాంటివి సంపన్న దేశాల్లోనూ జరిగాయి. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో 2013లో ఒక దంత వైద్యశాలలో శుద్ధి పద్ధతులు లోపభూయిష్టంగా ఉన్నాయని తేలితే, ఆరోగ్యశాఖ సుమారు 7 వేల మంది పాత రోగులను పిలిచి రక్తపరీక్షలు చేయించుకోమంది. పళ్ళ వైద్యం దగ్గర ఒక రోగి నుంచి ఇంకో రోగికి హెపటైటిస్ సి సోకిందని ఆ దేశంలో మొదటిసారి రుజువైంది అక్కడే. ఇటలీలో 2011లో 82 ఏళ్ళ వృద్ధురాలు లెజియోనెల్లా న్యుమోనియాతో మరణించింది. ఆమె ఊపిరితిత్తుల్లో దొరికిన క్రిమీ, ఆమె కూర్చున్న డెంటల్ కుర్చీ నీటి గొట్టంలో దొరికిన క్రిమీ ఒకటేనని తేల్చారు. కాలిఫోర్నియాలో 2016లో పాలపళ్ళకు చికిత్స చేయించుకున్న పదుల మంది పిల్లలకు దవడ ఎముక దాకా ఇన్ఫెక్షన్ పాకితే, అక్కడా దోషం నీటిదే. ఈ ఘటనలన్నింటిలో నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. వీటిలో ఏదీ ఎయిర్ కండిషనర్ లేకపోవడం వల్ల జరగలేదు, నేల తుడవకపోవడం వల్ల జరగలేదు. రోగి కంటికి ఆనే చోట కాకుండా సీసా లోపల, గొట్టం లోపల, శుద్ధి సరిగా జరగని చోట జరిగాయి.

ఏ పనిముట్టును ఎంత శుద్ధి చేయాలన్నదానికి ఒక హేతువుంది. అర్ధ శతాబ్దానికి పైగా కిందట ఎర్ల్ స్పాల్డింగ్ అనే శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి ఇప్పటికీ ప్రపంచమంతా పాటిస్తోంది. చర్మాన్ని, చిగురును చీల్చుకుని లోపలికి పోయే వస్తువులో ఒక్క సూక్ష్మజీవి కూడా బతికి ఉండకూడదు. పన్ను పీకే ఫోర్సెప్స్, ఎలివేటర్లు, స్కేలింగ్ మొనలు, రూట్ కెనాల్ ఫైళ్ళు ఆ కోవలోవి. నోటి లోపలి తడి పొరను తాకేవి, అంటే అద్దం లాంటివి, వేడికి తట్టుకునేవైతే వాటినీ అలాగే చేయాలి. కుర్చీ, లైటు పిడి వంటివాటిని మందుతో తుడిస్తే చాలు. ఈ విభజన తెలిస్తే మన దగ్గర పాతుకుపోయిన కొన్ని అలవాట్లు ఎందుకు చాలవో దానంతటదే అర్థమవుతుంది. నీళ్ళలో మరిగించడం అన్ని ఇళ్ళకూ తెలిసిన పద్ధతి. కానీ కొన్ని బ్యాక్టీరియాలు గట్టి పెంకు కట్టుకుని స్పోర్లుగా మారతాయి. మరిగే నీళ్ళు వాటిని చంపలేవు. స్పిరిట్ దూదితో తుడవడమూ అంతే. చాలా చోట్ల నీలిరంగు దీపం వెలిగే అల్ట్రావయొలెట్ పెట్టె కనిపిస్తుంది, చూడడానికి గంభీరంగా ఉంటుంది. ఆ కిరణం తగిలిన మేర మీదే దాని పని. ఫోర్సెప్స్ కీలు సందులోకి, ఫైలు గాడిలోకి అది దూరదు. ముందే శుద్ధి చేసిన వస్తువును దాచుకోవడానికి పనికొస్తుందే తప్ప శుద్ధి చేయడానికి పనికిరాదు. ఇక 2 శాతం గ్లుటరాల్డిహైడ్ ద్రావణం స్పోర్లను చంపగలదు గాని, అందుకు దాదాపు 10 గంటలు ముంచి ఉంచాలి. ఇద్దరు రోగుల మధ్య పావుగంట ముంచి తీసి స్టెరిలైజ్ చేశామంటే ఆ మాటకు అర్థం లేదు.

మిగిలింది ఆటోక్లేవ్. పాశ్చర్ దగ్గర పనిచేసిన చార్లెస్ చాంబర్లాండ్ 1879లో రూపొందించిన యంత్రం అది. వంటింట్లో కుక్కర్ వాడే వారెవరికైనా దాని మర్మం తెలిసే ఉంటుంది. కుక్కర్ మూత బిగించగానే వెయిట్ పెట్టం. ఆవిరి ధారగా వచ్చేదాకా ఆగుతాం. లోపలి గాలి బయటికి పోవాలనే ఆ ఆగడం. ఆటోక్లేవ్‌లోనూ గాలే శత్రువు. గాలి చిక్కుకున్న చోటికి ఆవిరి చేరదు. ఆవిరి చేరని చోట యంత్రం మీద 121 డిగ్రీలని కనిపించినా లోపలి వస్తువుకు ఆ వేడి తగలదు. నున్నటి గిన్నెలు, అద్దాలు అయితే మామూలు ఆటోక్లేవ్ చాలు. లోపల బోలుగా, సన్నటి రంధ్రాలతో ఉండే, పన్ను తొలిచే హ్యాండ్‌పీసులకు, కాగితపు పౌచ్‌లో పెట్టి మూసిన సామానుకు, పంపుతో గాలిని పలుమార్లు లాగేసి ఆవిరి నింపే బి క్లాస్ ఆటోక్లేవ్ కావాలి. 121 డిగ్రీల దగ్గర, 15 పౌండ్ల ఒత్తిడిలో, 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. 134 డిగ్రీలయితే 3, 4 నిమిషాలు చాలు. ఈ నిమిషాలు లెక్కపెట్టేది వేడి ఆ స్థాయికి చేరిన తరువాత. వేడెక్కడానికీ, చివర్లో ఆరడానికీ పట్టే సమయం దీనికి అదనం. ఆరకుండా తడిగా తీసిన పౌచ్ తీసిన క్షణం నుంచే పాడైనట్టు లెక్క, ఎందుకంటే తడి కాగితం గుండా క్రిములు తేలిగ్గా లోపలికి పోతాయి. మధ్యలో కరెంటు పోతే ఆ శుద్ధి విడతను, అంటే సైకిల్‌ను, మళ్ళీ మొదటి నుంచి నడపాలి. మిగిలిన నిమిషాలు నడిపితే సరిపోదు. ఇంకొక విషయం మన నగరానికి ప్రత్యేకం. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళు కుళాయిల్లో వస్తున్నా చాలా భవనాల్లో బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు కలుస్తూనే ఉంటాయి. ఆ ఉప్పు నీళ్ళు పోస్తే ఆటోక్లేవ్ లోపల తెల్లగా పొర కడుతుంది, వాల్వులు పూడుకుపోతాయి, వేడిని కొలిచే సెన్సరు తప్పు చూపుతుంది. డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరేది పోయకూడదు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు గ్యాస్కెట్ అరిగినా, పగిలినా ఒత్తిడి నిలవదు. దాన్ని రోజూ తుడవాలి, కాలం తీరగానే మార్చాలి.

అయితే ఆటోక్లేవ్‌లోకి పోయేముందు జరిగే పనే అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది. ఎండిన రక్తం, ఉమ్మి, సిమెంటు పెచ్చు పనిముట్టుకు అంటుకుని ఉంటే ఆవిరి దాని కింద ఉన్న క్రిమిని తాకదు. అందుకే వాడిన వెంటనే ఎండకుండా నానబెట్టాలి, అల్ట్రాసోనిక్ తొట్టిలో కడగాలి, కీళ్ళు తెరిచి చూడాలి, ఆరబెట్టాలి, అప్పుడు పౌచ్‌లో పెట్టాలి. ఉతకని బట్టకు ఇస్త్రీ చేసినంత మాత్రాన అది శుభ్రమైపోదు కదా.

హ్యాండ్‌పీస్ సంగతి విడిగా చెప్పాలి. మన డాక్టర్లు ఎయిరోటర్ అనే ఆ పనిముట్టును 1957లో అమెరికాలో జాన్ బోర్డెన్ ప్రవేశపెట్టాడు. గాలి ఒత్తిడితో తిరిగే చిన్న టర్బైన్ నిమిషానికి 3 లక్షల చుట్లు తిరుగుతుంది. పిప్పి పన్ను చికిత్సలో నొప్పిని, సమయాన్ని ఎంతో తగ్గించిన పరికరం అది. కానీ పెడల్ మీంచి కాలు తీయగానే టర్బైన్ ఆగే ఆ క్షణంలో లోపల ఒత్తిడి పడిపోయి, నోట్లోని ఉమ్మి, రక్తం కొంత వెనక్కి పీల్చుకుంటుంది. తరువాతి రోగి నోట్లో ఎయిరోటర్ తిప్పినప్పుడు అది బయటికి రాగలదు. ఈ సంగతిని 1990ల మొదట్లో చేసిన ప్రయోగాలు నిరూపించాయి. అందుకే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2003 డిసెంబరులో వెలువరించిన మార్గదర్శకాల్లో, ప్రతి రోగి తరువాతా హ్యాండ్‌పీసును విప్పి వేడితో స్టెరిలైజ్ చేయాలని, పైపైన తుడవడం చాలదని స్పష్టంగా చెప్పింది. రోగి లేచిన తరువాత గాలీ నీళ్ళూ కనీసం 20, 30 సెకన్లు వదలాలి. ఆ తరువాత విప్పి, కడిగి, తయారీదారు చెప్పిన నూనె వేసి, అదనపు నూనె పోయేలా క్షణం సేపు తిప్పి, పౌచ్‌లో పెట్టాలి. నూనె వేయకుండా ఆటోక్లేవ్ చేస్తే బేరింగులు త్వరగా అరిగిపోతాయి. ఎయిరోటర్‌ను ఆటోక్లేవ్ చేస్తే పాడైపోతుందని కొందరు చెప్పే మాట వెనక ఉన్న కారణం ఎక్కువగా ఇదే. వేడి మీద పడుతున్న నింద నిజానికి నూనె మరిచిన చేతిది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. ఒకే కుర్చీ ఉన్న క్లినిక్కు సాయంత్రం 5 నుంచి 9 దాకా అరగంటకు ఒకరి చొప్పున చూస్తోందనుకోండి. వాడిన హ్యాండ్‌పీసును కడిగి, నూనె వేసి, పౌచ్ చేయడానికి పావుగంట. ఆటోక్లేవ్ వేడెక్కి, పనిచేసి, ఆరేసరికి దగ్గర దగ్గర ముప్పావు గంట. చల్లారడానికి ఇంకో పావుగంట. అంటే ఒక హ్యాండ్‌పీస్ రోగి నోట్లోంచి బయటికి వచ్చాక మళ్ళీ వాడుకకు అందడానికి సుమారు గంటంబావు. ఆ లోపల ఇంకో ఇద్దరు, ముగ్గురు కుర్చీ ఎక్కుతారు. అంటే కనీసం నాలుగు హ్యాండ్‌పీసులు. అప్పటికే ఆటోక్లేవ్ నడుస్తుంటే తరువాతి సైకిల్ దాకా ఆగాలి, కనుక అయిదో ఆరో ఉంటేనే పని సాఫీగా సాగుతుంది. రెండు హ్యాండ్‌పీసులతో సాయంత్రం ఎనిమిది మందికి పని చేస్తున్నారంటే, ఎవరి చిత్తశుద్ధినీ శంకించనక్కర్లేదు, ఆ లెక్కే కుదరదు. క్లినిక్కు గోడల మీది రంగుల కన్నా, బీరువాలో ఉన్న హ్యాండ్‌పీసుల సంఖ్య దాని శుభ్రత గురించి ఎక్కువ చెబుతుంది.

నీటి గొట్టాల విషయంలోనూ ఇంతే లోతు ఉంది. కుర్చీ లోపల హ్యాండ్‌పీసుకూ, పళ్ళ గార తీసే స్కేలరుకూ నీళ్ళు తెచ్చే గొట్టాలు చాలా సన్ననివి. రాత్రంతా, సెలవు రోజంతా నీళ్ళు వాటిలో కదలకుండా ఉంటాయి. పళ్ళ మీద రాత్రికి రాత్రి పేరుకునే పాచి ఎలాంటిదో, ఆ గొట్టాల లోపలి గోడలకు పట్టేదీ సరిగ్గా అలాంటిదే. బ్యాక్టీరియా తమ చుట్టూ జిగురు కట్టుకుని మందు సోకకుండా కాపురం పెడతాయి. బ్రిటిష్ దంత వైద్య పత్రికలో 1963లోనే దీని గురించి హెచ్చరిక వచ్చింది. చికిత్సకు వాడే నీటిలో మిల్లీలీటరుకు 500 కన్నా ఎక్కువ బ్యాక్టీరియా ఉండకూడదని సీడీసీ చెబుతుంది. అది తాగే నీటికి పెట్టిన ప్రమాణమే. పొద్దున నీళ్ళు కాసేపు వదిలేస్తే పైన తేలేవి పోతాయి గాని గోడలకు పట్టిన పాచి పోదు. విడి సీసాతో మంచి నీళ్ళు ఇచ్చే ఏర్పాటు, నిర్ణీత కాలానికి గొట్టాలను మందుతో శుద్ధి చేయడం, అప్పుడప్పుడు నీటి నమూనా ల్యాబుకు పంపడం, ఈ మూడూ ఉండాలి. చిగురు కోసి చేసే శస్త్రచికిత్సకైతే ఆ గొట్టం నీళ్ళు అసలు పనికిరావు. కొత్తగా తెరిచిన సెలైన్ కావాలి, మిగిలింది పారబోయాలి. వాణియంబాడిలో తప్పిన నియమాల్లో ఇదొకటి. ఎయిరోటర్‌కు గాలి అందించే కంప్రెసర్ గురించీ రెండు మాటలు. వానాకాలంలో గాలిలోని తేమ ట్యాంకు అడుగున నీరుగా చేరుతుంది. రోజూ ఆ నీళ్ళు తీసేయకపోతే తుప్పు, తడి నేరుగా హ్యాండ్‌పీసులోకి పోతాయి. గొట్టాల గురించే రోగులకూ ఒక మాట: ఉమ్మి లాగే సన్నటి గొట్టాన్ని పెదాలతో గట్టిగా మూసి చప్పరించకండి. ఒక్కోసారి అందులో ఉన్నది వెనక్కి నోట్లోకి రాగలదు.

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరికి వద్దాం. మొదటిది అందరూ అనేది: ఇరవై ముప్పై ఏళ్ళుగా ఇలాగే చేస్తున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. ఈ మాట అనేవారు అబద్ధం చెప్పడం లేదు. కానీ వారికి తెలిసే అవకాశం ఎక్కడుంది? హెపటైటిస్ బి ఒంట్లో ప్రవేశించాక బయటపడడానికి రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు పడుతుంది. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, ఏళ్ళ తరువాత కాలేయం చెడినప్పుడు బయటపడుతుంది. ఆనాటి పన్నుకూ ఈనాటి కామెర్లకూ ముడి వేసేది ఎవరు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం మన దేశంలో సుమారు 2 కోట్ల 98 లక్షల మందికి హెపటైటిస్ బి, 55 లక్షల మందికి హెపటైటిస్ సి ఉన్నాయి. వారిలో ఎక్కువమందికి ఆ సంగతి తెలియదు కూడా. ఎండిన రక్తపు మరకలో హెపటైటిస్ బి వైరస్ కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. ఈ అంకెల మధ్య నిలబడి ఏమీ కాలేదనడం, వెతకలేదనడమే అవుతుంది. ఈ ఊరికి ఇది కొత్త పాఠం కూడా కాదు. మలేరియా చెడు గాలి వల్ల, బురద వాసన వల్ల వస్తుందని వైద్యులే నమ్మిన రోజులు ఉండేవి. బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టను సూక్ష్మదర్శిని కింద పెట్టి మలేరియా పరాన్నజీవిని చూశాక ఆ నమ్మకానికి చోటు లేకపోయింది. వాసనను బట్టి కారణాన్ని ఊహించినంత కాలం అసలు వాహకం ఎవరి కంటా పడలేదు. ఇప్పటికీ క్లినిక్కులో స్పిరిట్ వాసన తగిలితే చాలు, మనం నిశ్చింతగా నోరు తెరుస్తున్నాం.

రెండో అభ్యంతరం ఖర్చు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. బి క్లాస్ ఆటోక్లేవ్ ధర మామూలు దానికన్నా చాలా ఎక్కువ. హ్యాండ్‌పీసులు, పౌచ్‌లు, శుద్ధిని సూచించే ఇండికేటర్లు, డిస్టిల్డ్ వాటర్, సర్వీసింగ్, వీటన్నిటికీ డబ్బు కావాలి. బ్యాంకు అప్పుతో కొత్తగా క్లినిక్కు పెట్టిన యువ డాక్టరుకు ఇది భారమే. పక్క సందులో ఇంకొకరు తక్కువ ఫీజుకు చేస్తామంటే రోగులు అటే పోతారన్న భయమూ నిజమే. నా సమాధానం ఇది. ఆ ఖర్చు ఉంది కాబట్టి దాన్ని దాచకుండా బిల్లులోనే చూపించాలి. కోవిడ్ రోజుల్లో పీపీఈ కిట్ల ఖర్చును బిల్లులో విడిగా రాశారు. కనిపించే ఖర్చును జనం ఒప్పుకుంటారు. ఎవరికీ తెలియకుండా చేసే శుద్ధికి బజారులో విలువ లేదు గనుకనే, దాన్ని మానేసిన క్లినిక్కు చవకగా కనిపిస్తోంది. రుజువును బయట పెడితే నిజాయితీగా ఖర్చు పెట్టే డాక్టరుకే మేలు. కొందరు గ్లవ్స్, సూది, గ్లాసు అన్నీ ఒకసారి వాడి పారేసేవే కదా, ఇంకేం భయం అంటారు. అవి అవసరమే. కానీ గ్లవ్స్ మార్చుకున్న చెయ్యి తరువాత పట్టుకునేది పాత ఎయిరోటర్‌నే అయితే ఆ గ్లవ్స్ కాపాడింది డాక్టరు చేతిని మాత్రమే.

ఈ పని అంతా చేసేది ఎవరు? చాలా క్లినిక్కుల్లో డాక్టరు కాదు, అసిస్టెంటు. సామాను కడిగేది, పౌచ్ చేసేది, ఆటోక్లేవ్ బటన్ నొక్కేది ఆ అమ్మాయో, అబ్బాయో. 1948 నాటి డెంటిస్ట్స్ చట్టం డెంటిస్టులతో పాటు హైజీనిస్టులకు, మెకానిక్కులకు రిజిస్టర్లు పెట్టింది. కుర్చీ పక్కన నిలబడే అసిస్టెంట్లు మాత్రం చాలాచోట్ల చూసి నేర్చుకున్నవారే, తక్కువ జీతానికి పనిచేసేవారే. రద్దీ పెరిగినప్పుడు త్వరగా తెమ్మని కేక పడేది వారి మీదే. సైకిల్ మధ్యలో ఆపేయాలన్న ఒత్తిడీ వారి మీదే. వాడిన సూది గుచ్చుకునేదీ, మొనదేలిన స్కేలర్ కోసుకునేదీ వారి వేళ్ళకే. వారికి మందపాటి గ్లవ్స్ ఇవ్వాలి. మూడు డోసుల హెపటైటిస్ బి టీకా జీతంతో పాటు వారి హక్కుగా ఉండాలి. సైకిల్ పూర్తికాలేదని డాక్టరుతో ధైర్యంగా చెప్పగల స్థానం వారికి ఉండాలి. పనిముట్ల శుద్ధి గురించి ఎంత మాట్లాడినా ఆ మనిషి గురించి మాట్లాడకపోతే సగం విషయం వదిలేసినట్టే.

రుజువు అంటే ఏమిటో కూడా చెప్పాలి. పౌచ్ మీద రంగు మారే గీత ఉంటుంది. అది వేడి తగిలిందని చెబుతుంది, క్రిములు చచ్చాయని చెప్పదు. అసలైన పరీక్ష స్పోర్ పరీక్ష. వేడిని అమితంగా ఓర్చుకునే బ్యాక్టీరియా స్పోర్లున్న చిన్న స్ట్రిప్పునో గొట్టాన్నో సామానుతో పాటు ఆటోక్లేవ్‌లో పెట్టి, తరువాత పెంచి చూస్తారు. ఏమీ మొలవకపోతే యంత్రం పని చేసినట్టు. వారానికి ఒకసారి ఇది చేయాలని సీడీసీ చెబుతుంది. ప్రతి సైకిల్ తేదీ, వేడి, ఒత్తిడి, సమయం, నడిపినవారి సంతకం ఒక పుస్తకంలో రాయాలి. మన చట్టం చెత్త విషయంలో ఇంతకన్నా కచ్చితంగా ఉంది. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల వారీగా వేరు చేయాలి, సంచులకు బార్‌కోడ్ ఉండాలి, రోజూ లెక్క రాయాలి. క్లినిక్కు నుంచి బయటికి పోయే దూదికి ఇంత లెక్క ఉన్నప్పుడు, తిరిగి ఇంకొకరి నోట్లోకి పోయే ఉక్కుకు లెక్క రాయడం కష్టమని ఎలా అంటాం? చిన్న క్లినిక్కులకు ల్యాబు ఎక్కడ దొరుకుతుందని అడగవచ్చు. చెన్నాపూర్ దగ్గర ఆర్మీ కాలేజ్ ఆఫ్ డెంటల్ సైన్సెస్ ఉంది, అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. దంత వైద్య విద్యార్థులు మైక్రోబయాలజీ చదువుతారు, కాలేజీల్లో అందుకు ప్రయోగశాలలు ఉంటాయి. చుట్టుపక్కల క్లినిక్కుల స్పోర్ స్ట్రిప్పులు తీసుకుని, నామమాత్రపు రుసుముకు వారం వారం ఫలితం ఇవ్వడం ఈ కాలేజీలకు సాధ్యమయ్యే పనేనని నేను నమ్ముతున్నాను. విద్యార్థులకూ పుస్తకంలో దొరకని చదువు అది.

చివరి అభ్యంతరాన్ని నేను అన్నిటికన్నా గౌరవిస్తాను. ఇలాంటి మాటలు రేడియోలో చెబితే జనం భయపడి డాక్టరు దగ్గరికి పోవడమే మానేస్తారు కదా? మానేయకూడదు. చీము పట్టిన పన్నును ఇంట్లో లవంగం పెట్టుకుని నెలల తరబడి ఓర్చుకోవడం, సక్రమంగా నడిచే క్లినిక్కులో చికిత్స చేయించుకోవడం కన్నా ఎన్నో రెట్లు ప్రమాదకరం. ఆ ఇన్ఫెక్షన్ దవడకు, మెడకు పాకి ప్రాణం మీదికి తెస్తుంది. శ్రద్ధగా పనిచేసే డాక్టర్లు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. అడగడమంటే అనుమానించడం కాదు. కుర్చీలో కూర్చున్నాక నెమ్మదిగా, "డాక్టరు గారూ, పౌచ్ నా ముందే తెరుస్తారా? ఎయిరోటర్ ప్రతి పేషెంటుకూ మారుస్తారా? స్పోర్ టెస్ట్ ఎప్పుడు చేయించారు?" అని అడగండి. పద్ధతిగా నడిపే డాక్టరు అందుకు నొచ్చుకోరు, అసిస్టెంటును పిలిచి పుస్తకం తెప్పిస్తారు. పరీక్షలో ఆటోక్లేవ్ తప్పినట్టు తేలిన వారం ఏం చేస్తారో కూడా ఆ పుస్తకమే చెప్పాలి. యంత్రాన్ని వాడుక నుంచి తీసేసి, చివరిసారి నెగ్గిన పరీక్ష తరువాత పౌచ్ చేసిన సామాను అంతా తిరిగి తెప్పించి, లోపం సరిచేసి మళ్ళీ పరీక్షించాకే వాడుకలోకి తెచ్చామని తేదీలతో సహా అందులో ఉండాలి.